మైల ఇంటి తీర్థం

ప్రొఫెసర్ శేషగిరిరావు ఆ రోజు టీ పూర్తిగా తాగలేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడుంబావు. తాడేపల్లిగూడెం పొలిమేరల్లో, పామాయిల్ తోటల మధ్య ఒక రేకుల షెడ్డు. లోపల బాయిలర్ బుసలు కొడుతోంది. లవంగాల ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. ఎవరో వచ్చిన అలికిడైతే ప్రొఫెసర్ గ్లాసు బల్లమీద పెట్టి తల తిప్పాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. బాయిలర్ చప్పుడులో ఆ దగ్గు పక్క గదికి కూడా వినపడలేదు.

నూనె తీసేసిన లవంగాల పిప్పి గోతిలో పోసి, షెడ్డులో పనిచేసే మరియమ్మ తిరిగి వచ్చేసరికి టీ ఇంకా వెచ్చగానే ఉంది. మనిషే చల్లబడుతున్నాడు. అల్మారాలో నూనె సీసా ఒక్కటీ మిగల్లేదు. ల్యాప్‌టాప్ లేదు. గోడకున్న క్యాలెండర్ కూడా చింపుకుపోయారు, దానిమీద ఏం రాసుకున్నాడోనని.

పది నిమిషాల తరువాత స్కూటీ మీద ఉమాకుమారి వచ్చింది. ప్రొఫెసర్ రమ్మన్నది మూడింటికే. ఏలూరులో బయల్దేరబోతుంటే నాలుగేళ్ళ కూతురు సంహిత కాళ్ళకి చుట్టుకుంది. ఒళ్ళు వెచ్చగా తగిలింది. మందు పట్టించి, జోకొట్టి బయలుదేరింది. ఆ కాస్త ఆలస్యం ఉమ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

ఏలూరు నుంచి కలిదిండి దాకా కొల్లేటి ప్రాంతంలో ఉమాకుమారిని చెరువు మందులమ్మే అమ్మాయిగా అందరూ ఎరుగుదురు. భుజాన నల్ల బ్యాగు, అందులో నీటి పరీక్ష కిట్టు, చిన్న స్ప్రేయరు, శాంపిల్ సీసాలు. ఆ కిట్టులోని మీటరు ఏ చెరువు నీటినీ కొలవదు, కంట్రోల్ రూముతో మాట్లాడుతుంది. అత్తగారు సూర్యకాంతానికి కూడా కోడలు చేపలకి మందులమ్ముతుందనే తెలుసు. ఇంటెలిజెన్స్ ఫైళ్ళలో ఆమె పేరు 'గూడబాతు'. కొల్లేటికి వచ్చే పక్షి పేరు. అడుగున ఉన్న చేపని చడీచప్పుడూ లేకుండా అందుకుంటుందని పెట్టారు.

ప్రొఫెసర్ని కాపాడటం ఆమె డ్యూటీ. ఆ డ్యూటీ పోయింది. కారణం ఒక బూజు.

ఆర్కిడ్ అనే విదేశీ ముఠా ఆ బూజుని పెంచింది. ఏ మందుకీ లొంగని ఫంగస్. దాన్ని కొనుక్కునేవాళ్ళకి ముందు ఒక డెమో చూపిస్తారు, తరువాత అమ్ముతారు. చిన్న ట్రయల్ ఇక్కడే చేశారు. ఒక కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్ ఆ గాలి పీల్చాడు. డాక్టర్లు నాలుగు రకాల మందులెక్కించారు. పంతొమ్మిదో రోజున పోయాడు.

దానికి విరుగుడు కనిపెట్టింది శేషగిరిరావు ఒక్కడే. నెల కిందట ఉమని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు.

"మందు తాళంచెవి లాంటిదమ్మా. ఫంగస్ కణానికున్న ఒక్క తాళాన్నే చూసి తిప్పుతుంది. ఈ బూజు తాళం మార్చేసుకుంది. నూనె అలా కాదు. తాళం జోలికి పోదు, గోడలోకి ఇంకుతుంది."

ఫంగస్ కణం చుట్టూ కొవ్వుతో కట్టిన పల్చటి పొర ఉంటుందిట. ఇటుకల మధ్య సున్నంలాగా ఎర్గోస్టెరాల్ అనే పదార్థం దాన్ని పట్టి ఉంచుతుంది. లవంగంలోని యూజినాల్, వాములోని థైమాల్ ఆ కొవ్వులోకి దూరిపోతాయి. గోడ ఉబ్బి, పట్టు సడలి, చిల్లులు పడుతుంది. లోపలి ఉప్పులూ సారమూ బయటికి కారిపోతాయి. కణానికి శక్తినిచ్చే పొయ్యి ఆరిపోతుంది. ఉమ కళ్ళారా చూసింది. గుండ్రంగా నిగనిగలాడిన కణాలు చిల్లుపడ్డ నీళ్ళ సంచుల్లా చప్పబడిపోయాయి. ఒకేసారి అన్నివైపులా దెబ్బ పడటంతో బూజుకి తప్పించుకునే దారి దొరకడం కష్టం.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. ఒంట్లోకి పోయిన బూజుకి ఈ నూనె పనికిరాదు. రక్తంలో బూజుని చంపేంత నూనె ఇస్తే రోగే పోతాడు. గోడలమీద, గొట్టాల్లో ఉండగానే చంపాలి. పసిపిల్లలున్న గదిలో అయితే ఈ ఆవిరి కూడా పెట్టకూడదు, వాళ్ళ ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

గురువారం సాయంత్రం ఏలూరులో, పాత తివాచీల గోడౌన్ వెనక గదిలో బ్రీఫింగ్. చీఫ్ నరసరాజు గట్టిగా మాట్లాడడు. కోపమొస్తే ఇంకా మెల్లగా మాట్లాడతాడు. ఆ రోజు ఆయన మాటలు వినడానికి అందరూ ముందుకి వంగాల్సి వచ్చింది.

ఆయన పక్కన తేజశ్రీ కూర్చుంది. ఆర్కిడ్ లోపల మనం పెట్టుకున్న మనిషి. వాళ్ళ దగ్గర వాళ్ళ మనిషి, మన దగ్గర మన మనిషి. పైకి ఆసుపత్రులకి ఇంక్యుబేటర్లు అమ్మే కంపెనీ మేనేజరు. చిలకాకుపచ్చ పట్టుచీర, విదేశీ సెంటు. తొమ్మిదో ఏట నుంచీ ఢిల్లీ హాస్టళ్ళలో పెరిగింది. ఆమె గదిలోకి వస్తే మగ ఆఫీసర్లు ఫైలు నంబర్లు మరిచిపోయేవారు.

ఆమె తెచ్చిన కబురు ఇది. శుక్రవారం పన్నెండింటికి డెమో. టార్గెట్, కలిదిండి దగ్గర చేపల మేత మిల్లు. ఆ రోజు జిల్లాలో జనం చేరే మిగతా చోట్లన్నీ తానే చెక్ చేసి, సేఫ్ లిస్టు పంపింది. టీములన్నీ కలిదిండికే వెళ్ళాలని నరసరాజు ఆర్డరిచ్చాడు.

ప్రొఫెసర్ ఎక్కడైనా కాస్త నూనె దాచాడేమో వెతకమని ఉమకి చెప్పాడు. దెందులూరులో ఆయన తమ్ముడున్నాడు, సోమసుందరం, పురోహితుడు. తేజశ్రీ చిన్నగా నవ్వింది. ఆ ఇంటికి తాను పొద్దున్నే పరామర్శకి వెళ్ళొచ్చిందట.

"ఇల్లంతా చూశాను ఉమా. దేవుడి గదిలో తీర్థం చెంబు కూడా వంచి చూశాను, లవంగం వాసనొస్తుంటే. వట్టి నీళ్ళు. నూనె ఉంటే నీళ్ళమీద తేలాలి కదా, ఒక్క చుక్క లేదు."

తీర్థంలో లవంగాలు వేయడం మామూలే. ఉమ తల ఊపింది.

శుక్రవారం పొద్దున్న ఆమె ముందు తాడేపల్లిగూడెం వెళ్ళింది. మరియమ్మ షెడ్డు కడుగుతోంది. పోలీసులు వద్దన్నా వినలేదట. అయ్యగారి నెత్తురుమీద ఈగలు వాలుతుంటే చూస్తూ ఎలా ఊరుకోమంటారని అడిగింది. నూనె దిగే గాజు జాడీని గుడ్డతో తుడుస్తూ, సోమవారం ప్రొఫెసర్ ఒక డబ్బా నింపుకుని తమ్ముడిగారింటికి వెళ్ళాడని చెప్పింది.

"అందులో ఏ నూనె మరియమ్మా?"

"మూడొంతులు లవంగం, ఒక వంతు వాము అండి. ఆరికి అదే ఇష్టం."

జాడీ అడుగున ఒక కుళాయి, పైన ఒక కుళాయి ఉన్నాయి. రెండెందుకని ఉమ అడిగింది.

"వాము నూనె నీళ్ళమీద తేలుద్దండి, పై కుళాయిలో పట్టాలి. లవంగం నూనె బరువండి, అడుక్కి పోద్ది. మూడొంతులు లవంగం ఉంటే రెండూ కలిపినా అడుక్కే పోద్ది. కొత్తోళ్ళు తెలీక పైది పట్టుకుని అడుగుది పారబోత్తారు. నేనూ ఓసారి పారబోసి తిట్లు తిన్నాను."

ఉమ పరుగున వెళ్ళి స్కూటీ తాళం తీసింది. తీర్థం చెంబు వంచితే ముందు వచ్చేది నీళ్ళే. అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది.

దెందులూరు చేరేసరికి పదీ నలభై. సోమసుందరం వసారాలో ఒంటరిగా చాపమీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. పెళ్ళిచేసుకోని అన్నకి ఆయనే తలకొరివి పెట్టాడు. ఇంట్లో దీపం లేదు. దేవుడి గది తలుపు మూసి ఉంది. పదిరోజుల మైల. పూజ లేదు, గుడి లేదు, ఎవరింట్లో శుభకార్యానికీ వెళ్ళకూడదు. పక్కింటివాళ్ళు పెట్టిన కాఫీ గ్లాసు ఆయన ముందు మీగడ కట్టి ఉంది.

ఉమ ఆయన ఎదుట మెట్టుమీద కూర్చుంది. అదే క్షణంలో ఫోను మోగింది. అత్తగారి మెసేజి. పాపకి జ్వరం తగ్గలేదు, ఎప్పుడొస్తావని. దాన్ని మూయబోతే వేలు తగిలి తేజశ్రీ పంపిన సేఫ్ లిస్టు తెరుచుకుంది. నాలుగో లైను మీద ఆమె కళ్ళు ఆగిపోయాయి.

ఏలూరు, పవర్‌పేట. ప్రైవేటు ఆసుపత్రిలో కొత్త పసిపిల్లల వార్డు ప్రారంభం, పదకొండుమంది బిడ్డలు. ముహూర్తం 11.42. పురోహితుడు సోమసుందరం, దెందులూరు. ఫోటో, ఆధార్ సరిచూశాను. సేఫ్.

తలెత్తి చూసింది. ఆ సోమసుందరం మూడడుగుల దూరంలో మైలలో కూర్చుని ఉన్నాడు.

"పంతులుగారూ, ఈ రోజు ఏలూరులో మీకేమైనా కార్యక్రమం ఉందాండీ?"

ఉండేదన్నాడు ఆయన. సోమవారమే ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి, వేరేవాళ్ళని పెట్టుకున్నాం, రావద్దని చెప్పిందట. "రమ్మన్నా వెళ్ళేవాణ్ణి కాదు కదమ్మా. మర్నాడే అన్నయ్య..."

అంటే అక్కడ ఆయన పేరుతో ఇంకెవడో ఉన్నాడు. తేజశ్రీ నిన్న ఈ మనిషి ఎదురుగా కూర్చుని, ఈ గడ్డాన్నీ ఈ మూసిన తలుపునీ చూసి వెళ్ళింది. అయినా లిస్టులో పేరు మార్చలేదు. మార్చాలని ఆమెకి తోచలేదు.

ఉమ మీటరు తీసింది. నరసరాజు కలిదిండిలో మేత మిల్లు ముందున్నాడు. ఏలూరుకి గంట ప్రయాణం. లోకల్ పోలీసు సైరన్ మోగిస్తే వాడు చేతిలో ఉన్నది అక్కడే విప్పేస్తాడు, చప్పుడు చేయకుండా వెళ్ళండమ్మా అన్నాడు. వేళకి చేరగలిగేది మీరొక్కరే అని కూడా అన్నాడు, వినపడీ వినపడనట్టు.

"పంతులుగారూ, మీ అన్నయ్యగారు మీ తీర్థం చెంబులో ఏదో పోశారు. అది నాక్కావాలండీ. పదకొండుమంది పసిపిల్లలున్నారు."

సోమసుందరం మూసిన తలుపు వంక చూశాడు. సోమవారం అన్నయ్య తానే ఆ గదిలోకి వెళ్ళాడని, నేనొచ్చేదాకా చెంబు కదపొద్దన్నాడని చెప్పాడు. మైలలో దాన్ని ముట్టుకోకూడదు. ముప్పై ఏళ్ళలో ఆయన ఏ నియమమూ తప్పలేదు. లేచాడు. తలుపు తీశాడు. చెంబు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

"మైల నాకమ్మా. ఆ పిల్లలకి కాదు. తీసుకెళ్ళండి."

పదకొండూ ఇరవైకి పవర్‌పేట. ఆసుపత్రి ముందు షామియానా, బంతిపూల తోరణాలు, సన్నాయి. గేటు దగ్గర ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు బ్యాగులు వెతుకుతున్నారు. ఉమ కొంగు తలమీదుగా కప్పుకుంది. చెంబు ఎత్తిపట్టి, దెందులూరు పంతులుగారింటి నుంచి తీర్థం తెచ్చానంది. తీర్థం పట్టుకున్న ఆడమనిషిని ఆపే ధైర్యం ఎవరికుంది? జనమే దారి ఇచ్చారు.

పీటల దగ్గర పట్టుపంచె కట్టుకున్నవాడు గడగడా మంత్రాలు చదువుతున్నాడు. స్వరం తప్పడం లేదు. బాగా నేర్పారు.

పాత వార్డులో అద్దాల పెట్టెల్లో పదకొండుమంది బిడ్డలు. గుప్పెడంత గుండెలు, దారాలంత వేళ్ళు. నాలుగేళ్ళ కిందట సంహిత కూడా ఇలాంటి పెట్టెలోనే ముప్పై రెండు రోజులుంది. ఉమ చూపు తిప్పుకుంది. చూస్తే చేతులు పనిచేయవు.

నర్సు సలోమి బిడ్డల్ని కొత్త వార్డుకి మార్చడానికి సిద్ధం చేస్తోంది. ముహూర్తానికి ఏసీ స్విచ్చి వేయగానే తీసుకెళ్ళాలట. పంతులుగారు పైకెక్కారా అని ఉమ మామూలుగా అడిగింది. ఎక్కారు, ఇంక్యుబేటర్ల మేడమ్‌తో కలిసి ఏసీ మిషన్ గదిలో కూడా కలశం పెట్టొచ్చారు అంది సలోమి.

"సిస్టర్, నేను కిందికి దిగేదాకా ఒక్క బిడ్డని కూడా ఈ గది దాటించకండి."

సలోమి ఆమె ముఖం చూసింది. ఎందుకని అడగలేదు. "ముహూర్తం దాటితే పెద్ద డాక్టరుగారు ఊరుకోరండి" అంది.

"పాలు పడుతున్నామని చెప్పండి."

పై అంతస్తు. పదకొండూ ముప్పై ఒకటి. మిషన్ గదిలో నిలువెత్తు ఫ్యాను, దాని ముందు వార్డుకి పోయే రేకు గొట్టం. గొట్టం నోట్లో ఇత్తడి కలశం. మామిడాకులూ కొబ్బరికాయా పక్కన పెట్టి ఉన్నాయి. కలశం మూతికి ఉల్లిపొరంత పల్చటి కాగితం బిగించి ఉంది. దాని కింద బూడిదరంగు పొడి. ఫ్యాను గాలి తగిలితే కాగితం చిరుగుతుంది. చేత్తో లాగితే ఇప్పుడే చిరుగుతుంది.

ఉమ మాస్కు బిగించుకుంది. చెంబులో పైనున్న నీళ్ళని ఊపిరి బిగపట్టి, మెల్లగా వంచి పారబోసింది. నీళ్ళు అయిపోయాయి. అడుగున తేనెరంగులో, చిక్కగా, ఘాటుగా నూనె. సగం స్ప్రేయరులో పోసి గొట్టం గోడలూ, జల్లెడా, మూలలూ తడిపింది. గది లవంగాల మిల్లులా ఘాటెక్కిపోయింది. మిగతా సగం కోసం కొంగు చింపుతుండగా వెనక తలుపు మూసుకుంది.

ఎప్పుడూ పది అడుగుల ముందే తెలిసిపోయే ఆ సెంటు ఈ ఘాటులో తెలియలేదు.

"నీళ్ళే కదా అది" అంది తేజశ్రీ. చేతిలో చిన్న పిస్టల్. గొంతులో కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యం. "నేను వంచి చూశాను."

"లవంగం నూనె మునుగుతుందండీ. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్ళని అడగాల్సింది."

"నా మీద అనుమానం ఎలా వచ్చింది?"

"సోమసుందరం గారి పేరు పెట్టారు."

"పెడితే? అన్ని ఐడీలూ సరిపోయాయి."

"ఆయన అన్నని మీవాళ్ళే చంపారు. పదిరోజులు ఆయన ఏ శుభకార్యంలోనూ కూర్చోరు. ఊళ్ళో పసివాణ్ణడిగినా చెబుతాడు."

తేజశ్రీ కనుబొమలు ముడిపడ్డాయి. చావుకీ ముహూర్తానికీ మధ్య లంకె ఆమెకి అప్పుడు కూడా అందలేదు. ఆ ఒక్క క్షణం చాలు. ఉమ స్ప్రేయరు నొక్కింది. నూనె తుంపర తిన్నగా ఆ అందమైన కళ్ళలో పడింది. పిస్టల్ పేలింది. ఉమ ఎడమ భుజం మీద వాతపెట్టినట్టయింది. తేజశ్రీ ముఖం పట్టుకుని కుప్పకూలింది. గుడ్డిగా తడుముతున్న ఆమె చేతికి అందకుండా ఉమ పిస్టల్‌ని కాలితో తన్నేసింది.

కింద సన్నాయి ఆగింది. డోలు ఒక్కసారిగా ఉరుముకుంది. గట్టిమేళం. 11.42.

స్విచ్చి పడింది.

ఫ్యాను మూలిగి కదలబోయింది. ఉమ మిగిలిన నూనెలో కొంగు ముక్కని ముంచి, కలశాన్ని పొత్తిళ్ళలో బిడ్డని చుట్టినట్టు చుట్టేసి, ఒళ్ళంతా వంచి కడుపుకి అదుముకుంది. గాలి వీపుమీద కొట్టింది. గుడ్డ లోపల కాగితం చిటుక్కుమని చిరగడం అరచేతికి తెలిసింది. బూడిద పొడి నూనెగుడ్డకి అతుక్కుని ముద్దకట్టింది. కొంత తప్పించుకుంది. దాన్ని గొట్టం తడిగోడలు పట్టుకున్నాయి. రెండు చేతులూ ఖాళీ లేవు. ఉమ కాలు చాచి, గొట్టం చాటున అప్పుడే కంటపడ్డ మెయిన్ హ్యాండిల్‌ని మడమతో కిందికి తన్నింది. మొదటిసారి జారింది. రెండోసారి ఫ్యాను ఆగింది.

పన్నెండు సెకన్లు తిరిగింది.

కింద కొత్త వార్డులో లవంగం ఘాటు తప్ప ఎవరూ లేరు. పాత వార్డు తలుపుకి అడ్డంగా నిలబడి సలోమి పెద్ద డాక్టరుతో, పిల్లలు పాలు తాగుతున్నారండీ అని నాలుగోసారి చెబుతోంది.

పట్టుపంచె మనిషి ఫ్యాను ఆగగానే జారుకోబోయాడు. కానీ పదకొండుమంది తల్లులు, వాళ్ళ అమ్మలు, అత్తలు చుట్టుముట్టారు. అక్షింతలు వేసి ఆశీర్వదించకుండా పంతుల్ని ఎవరు వదులుతారు? నరసరాజు జీపు దిగేసరికి వాడు చెమటలు కక్కుకుంటూ ముప్పై ఎనిమిదో తలమీద అక్షింతలు వేస్తున్నాడు.

ఆ గాలిలో పన్నెండు సెకన్లు నిలబడింది గనక ఉమని ఒంటరి గదిలో పెట్టారు. గొట్టంలో ఒక్క మీటరు దూరం పోయేలోపే నూనె బూజుని చంపిందని ల్యాబ్ తేల్చింది. గొట్టం గీకి తీసిన కణాలన్నీ చిల్లుపడ్డ సంచులే. మరి ఊపిరితిత్తుల్లోకి పోయిందో లేదో నూనెకి తెలియదు, ల్యాబ్‌కీ తెలియదు. వాచ్‌మన్‌కి పంతొమ్మిది రోజులు పట్టింది. ఉమ రోజులు లెక్కపెట్టింది. మాస్కు లేకుండా అదే గాలి పీల్చిన తేజశ్రీ వేరే ఊళ్ళో, కాపలా ఉన్న గదిలో లెక్కపెట్టింది. పదమూడో రోజున ఆమెకి జ్వరం వచ్చింది. పంతొమ్మిదో రోజు ఆమె దాటలేదు.

ఆ వార్త చెప్పిన రాత్రి ఉమ నుదురు పదిసార్లు తడిమి చూసుకుంది. చల్లగానే ఉంది. సంహిత ఫోనులో రోజూ ఒకటే అడిగేది, అమ్మా నీకింకా ఎన్నాళ్ళు ట్రైనింగని. ఉమ ఒంటరి గదిలోకి వెళ్ళిన రెండోనాడే పాప జ్వరం తగ్గింది. వట్టి పడిశం.

మధ్యలో పదిరోజుల కర్మలూ ముగించుకుని సోమసుందరం అద్దం అవతల నిలబడి చూసి వెళ్ళాడు. నా మైల తీరిందమ్మా, మీదే తీరలేదన్నాడు.

ఇరవయ్యో రోజున రిపోర్టుమీద సంతకం పెట్టించుకోవడానికి నరసరాజు వచ్చాడు. ఆర్కిడ్ ప్లాను ఎందుకు ఫెయిలైందన్న చోట, శత్రువుకి స్థానిక పరిజ్ఞానం లేకపోవడం అని రాసి ఉంది.

"మైల అని రాస్తే ఢిల్లీవాళ్ళు వివరణ అడుగుతారమ్మా" అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రం ఉమ నల్ల బ్యాగు భుజాన వేసుకుని ఇంటి మెట్లెక్కింది. సంహిత పరుగెత్తుకొచ్చి మెడకి వేలాడింది. భుజం గాయం చివుక్కుమన్నా ఉమ దించలేదు. సూర్యకాంతం బ్యాగు అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, అనుమానంగా చూసింది.

"చేపల మందులమ్మే మనిషి బ్యాగు నీచువాసన రావాలిగానీ, ఈ పలావు వాసనేంటమ్మా?"

"ఒక ప్రారంభోత్సవానికి వెళ్ళానండీ అత్తయ్యగారూ" అంది ఉమ. "భోజనాలు మాత్రం పెట్టలేదు."